వెల్ ఆఫ్ సంబంధం

మాచర్ల,
మే 4, 2025.

ఒరేయ్ త్రికోటీ,

ఇక్కడ నేను తప్ప అందరూ కులాసా. నాకు మాత్రం నిన్నటి నుంచి బీపీ దిగలేదు. విజయలక్ష్మి మజ్జిగ కలిపి ఇస్తోంది. తాగుతున్నాను. కాస్త దిగిందనుకునేలోపు నువ్వు గుర్తొస్తున్నావు, మళ్ళీ పెరుగుతోంది.

ఇకమీదట నీతో ఫోన్లో మాట్లాడను. ఏం చెప్పాలన్నా కాగితం మీద చెబుతాను. నువ్వూ కాగితం మీదే చెప్పు. రేపు ఎవరు ఏమన్నారో తేల్చుకోవలసి వస్తే చేతిలో అక్షరం ఉంటుంది. మనిద్దరం పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. తర్వాత నువ్వు పొలానికి వెళ్ళావు, నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి చెప్పి రిటైరయ్యాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ పిల్లవాడూ నా పరువు ఇలా తీయలేదు.

నిన్న నరసరావుపేటలో చేసిన నిర్వాకం నీకు గుర్తు లేకపోతే నేను గుర్తు చేస్తాను. మీ లిఖితకి శ్రీహరి సంబంధం తెచ్చింది నేను. పిల్లని వాళ్ళు చూశారు, నచ్చింది. ఇక వాళ్ళ ఇల్లు మనం చూడాలి కాబట్టి వెళ్ళాం. ఏసీ వేసి కూర్చోబెట్టారు. వేయించిన జీడిపప్పు పెట్టారు. శ్రీహరి తండ్రి తన బట్టల షాపు గురించి చెబుతున్నాడు. నువ్వు ఆయన మాట మధ్యలో లేచి, చెప్పులు వేసుకుని వంటింట్లోంచి దారి చేసుకుని, పెరట్లోకి వెళ్ళి, గోడ మీంచి పక్కింట్లోకి కూడా తొంగి చూసి వచ్చి అడిగావు.

"ఇల్లు చానా బాగుంది బావగారూ. బావేది?"

శ్రీహరి తల్లి పాపం, "మా అల్లుడా అండీ? హైదరాబాద్‌లో ఉంటాడు" అంది.

"బావ కాదమ్మా, బావి. మీకు సగం వాటా ఉన్న బావి."

వాళ్ళు మున్సిపాలిటీ కుళాయి చూపించారు. నువ్వు ఆ కుళాయిని చూశావు, నన్ను చూశావు. "నీళ్ళు లేని ఇంటికి పిల్లనెట్టా ఇస్తారు?" అని అందరికీ వినిపించేలా అడిగి బయటికి నడిచావు. నేను ఆ జీడిపప్పు నోట్లో పెట్టుకుని, నమలాలో ఉమ్మాలో తెలియక కూర్చున్నాను.

నేను ఫోన్లో చెప్పింది వాళ్ళు వెల్ ఆఫ్ అని. వెల్ ఆఫ్ అంటే కలిగినవాళ్ళు, ఏ లోటూ లేనివాళ్ళు. బావిలో సగం అని కాదు. సగం అనే మాట హాఫ్, దాని ముందు హెచ్ ఉంటుంది. ఇది ఆఫ్, దీని వెనక రెండు ఎఫ్‌లు ఉంటాయి. నీ నోట్లో రెండూ ఒకటే అయితే అది నీ నోటి తప్పు. నా ఇంగ్లీషు తప్పు కాదు.

వాళ్ళకి క్షమాపణ చెబుతూ ఒక ఉత్తరం రాయి. నాకూ ఒకటి రాయి. ముందు నాకు రాయి.

కేశవులు


శావల్యాపురం,
మే 9.

మహారాజశ్రీ ఇంగ్లీషు మాస్టారు చెన్నకేశవులు గారి సముఖానికి,

ఇక్కడ గేదెలతో సహా అందరం బాగున్నాం. క్షమాపణ రాయలేదు. రాయను.

వెల్ అంటే బావి అని ఆరో తరగతిలో మనకి చెప్పారు. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది, గిలకా చేదా వేసి. ఇక ఆఫ్ అంటే సగం అని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. బస్సులో పిల్లలకి ఆఫ్ టికెట్. వినుకొండ హోటల్లో ఆఫ్ ప్లేటు. నేను తొడుక్కునేది ఆఫ్ చేతుల చొక్కా. మొన్న మీ మేనకోడలికి చేసిన ఆఫ్ శారీ ఫంక్షన్‌కి నువ్వే ఫోన్ చేసి పిలిచావు. అప్పుడు నీ నోట్లోంచి కూడా హెచ్ రాలేదు. నేను విన్నాను.

అన్నదమ్ముల మధ్య బావి సగం సగం ఉండడం మన వైపు వింతా? ఒకడు పొద్దున నీళ్ళు పెట్టుకుంటాడు, ఇంకొకడు సాయంత్రం పెట్టుకుంటాడు. సంబంధం చెప్పేటప్పుడు ఎన్ని ఎకరాలు, బావి ఉందా, ఎంత వాటా అని చెప్పడం మామూలే. నువ్వు ఎకరాల మాట ఎత్తకుండా బావి మాట ముందు చెప్పావని సంతోషించాను కూడా. చదువుకున్నవాడు, అసలు సంగతి ముందు చెప్పాడు అనుకున్నాను.

నీకు తెలియాల్సింది ఇంకొకటి ఉంది. లిఖిత అగ్రికల్చర్ బీఎస్సీ పాసై వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట పాడుతోంది. మిరప నారు పెంచే నర్సరీ పెడతానంటుంది. షేడ్‌నెట్ వేసి, ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, గింజ వేసి, నారు పెంచి రైతులకి అమ్మడం. దానికి భూమి కొంచెం చాలు, నీళ్ళు మాత్రం తప్పకూడదు. ఉద్యోగస్తుల సంబంధాలు వస్తే ఫోటో కూడా చూడకుండా వద్దనేది. నీ ఫోన్ పెట్టేసి, "నరసరావుపేట సంబంధమమ్మా, బావిలో సగం ఉందంట" అన్నాను. "సరే నాన్నా, రమ్మను" అంది. అన్నపూర్ణ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది.

పెళ్ళిచూపుల నాడు పిల్లలిద్దరూ వరండాలో మాట్లాడుకున్నారు కదా. లిఖిత అడిగిందట, "మీకు మోటారుందా అండీ?" అని. "ఉందండీ. అరగంట వేస్తే చాలు, నిండిపోద్ది" అన్నాడట శ్రీహరి. అరగంటలో మడి నిండే బావి పల్నాట్లో ఇంకా ఉందా అని ఆ రాత్రి పిల్ల వాళ్ళమ్మతో ఒకటే సంబరంగా చెప్పింది. ఆ మోటారు మిద్దె మీది ట్యాంకుదని నరసరావుపేట వెళ్ళాక కానీ నాకు తెలియలేదు.

ఇంటికొచ్చి బావి లేదమ్మా అని చెప్పాను. పిల్ల నా మొహం కాసేపు చూసి లోపలికి వెళ్ళింది. బావి ఉందన్నవాడివి నువ్వు. నువ్వే వచ్చి పిల్లకి సమాధానం చెప్పు.

త్రికోటేశ్వరరావు


మాచర్ల,
మే 15.

ఒరేయ్ మొండీ,

నీ ఉత్తరం విజయలక్ష్మి చదివి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆఫ్ శారీ ఎవరు అన్నా నేను అని ఉండను. అన్నా, తొందరలో అని ఉంటాను.

ఆఫ్ అంటే తీసేయడం, ఆపేయడం, దూరం చేయడం. నిదానంగా చదువు. లైటు ఆఫ్ చేస్తే సగం లైటు వెలుగుతుందా? మోటారు ఆఫ్ చేస్తే సగం మోటారు తిరుగుతుందా? బస్సు దిగడాన్ని గెట్ ఆఫ్ అంటారు. బస్సులోంచి సగం దిగుతావా? చొక్కా విప్పడాన్ని టేక్ ఆఫ్ అంటారు. విమానం నేల వదలడాన్నీ టేక్ ఆఫ్ అనే అంటారు. చీరల షాపు వాడు ధర తగ్గిస్తే ఆఫ్ అని బోర్డు పెడతాడు. పాలు విరిగితే ఆఫ్ అయ్యాయంటారు. ఇక అలారం ఆఫ్ అయింది అని దొరలు అంటే మోగింది అని అర్థం. అది వేరే సంగతి, నువ్వు అక్కడికి వెళ్ళకు. ఒకే మాట, ముందున్న మాటని బట్టి అర్థం మారుతుంది. పిల్లలకి తొమ్మిదో తరగతిలో ఈ పాఠం చెబితే సాయంత్రానికి వచ్చేది. నీకు ఈ వయసులో చెబుతున్నాను, నా ఖర్మ.

ఇక సంబంధం సంగతి. నీ బావి మాటకి శ్రీహరి పగలబడి నవ్వాడట. తండ్రి రెండు రోజులు అలిగి, తర్వాత షాపులో అందరికీ చెప్పుకుని నవ్వాడట. తల్లికి ఇంకా కోపం తగ్గలేదు. తన వంటింట్లోంచి చెప్పులతో నడిచావని ఆవిడ బాధ. అబ్బాయి మంచివాడు త్రికోటీ. తాగడు, తిరగడు, షాపు వదలడు. పిల్ల ఆ ఇంట్లో సుఖపడుతుంది. పెళ్ళి చేసుకునేది మనిషిని కానీ బావిని కాదు కదా. లిఖితకి ఆ మాట నువ్వు నచ్చజెప్పు.

జ్యేష్ఠంలో మీ ఇంట్లో అనుకున్న తాంబూలాలు పుట్ ఆఫ్ చేద్దామని వాళ్ళు అంటున్నారు. నువ్వు కంగారు పడకు. ఏర్పాట్లు దానికి తగ్గట్టు చూసుకో.

కేశవులు


శావల్యాపురం,
మే 24.

కేశవులు మాస్టారికి,

పాఠం బాగా ఒంటబట్టింది. ఆఫ్ అంటే తీసేయడం. నువ్వు చెప్పినట్టే ఏర్పాట్లు చూసుకున్నాను. తాంబూలాలు తీసేశాను.

వంటవాళ్ళకి వద్దని చెప్పాను. షామియానా వేసే షాహీన్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. చుట్టాలందరికీ సంబంధం తప్పిపోయిందని ఫోన్లు చేశాను. శ్రీహరి తండ్రికి కూడా మర్యాదగా ఫోన్ చేసి, "మీ మాటే మా మాట బావగారూ. ఆఫ్ అంటే ఆఫ్" అన్నాను. ఆయన "మీ ఇష్టం" అని పెట్టేశాడు. ముందు వద్దన్నది వాళ్ళు, మళ్ళీ నా ఇష్టం ఏమిటో!

మోటారు ఆఫ్ చేస్తే సగం తిరుగుతుందా అని అడిగావు. మా ఊరి కరెంటుకి ఆన్ చేసినా సగమే తిరుగుతుంది, వచ్చి చూడు. అలారం సంగతి మాత్రం నాకు ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు. ఆగితే ఆఫ్, మోగినా ఆఫ్. మనిషి పడుకోవాలా లేవాలా? ఇలాంటి భాషని నమ్మి పిల్లనివ్వబోయాను.

ఇంకొకటి. నరసరావుపేటలో తాపీ పని చేసే మా వీరాంజనేయులు ఊళ్ళోకి వస్తే వాకబు చేశాను. శ్రీహరి వాళ్ళకి ఊరి బయట పొలం ఉండేదట, అందులో బావి కూడా ఉండేదట, ఎండాకాలం కూడా ఎండని బావి. దాన్ని మట్టితో పూడ్చి ప్లాట్లు వేసి అమ్మారట. ఆ డబ్బుతోనే షాపు పెరిగింది. ఆఫ్ అంటే తీసేయడం అయితే నువ్వు చెప్పింది నిజమే కేశవులూ. వాళ్ళు నిజంగా వెల్ ఆఫ్. బావిని తీసేసినవాళ్ళు.

లిఖిత ఏడుస్తుందేమో అనుకున్నాను. గేదెలకి కుడితి పెట్టి వచ్చి, అన్నం తిని పడుకుంది. ఆ మాత్రానికి ఏడుపెందుకు, ఇంకో సంబంధం రాకపోదు. ఈసారి నీళ్ళు నేను కళ్ళతో చూశాకే పిల్లని చూపిస్తాను.

త్రికోటేశ్వరరావు


మాచర్ల,
జూన్ 2.

శ్రీయుత త్రికోటేశ్వరరావు గారికి,

పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడం. వాళ్ళు వాయిదా అన్నారు, మీరు రద్దు చేశారు. ఈ తేడా మీకు విడమరిచి రాయనందుకు మా ఇంటి గోడకి తల బాదుకుందామనుకున్నాను. ఆ ఉత్తరంలో ఒక్క ఇంగ్లీషు ముక్క రాయకుండా ఉండలేకపోయిన నన్ను కూడా తిట్టుకున్నాను. శ్రావణంలో చూద్దాం అని ఉంటే సరిపోయేది.

కానీ ఇప్పుడు ఈ ఉత్తరం దానికోసం కాదు. నిన్న మీ అమ్మాయి మా ఇంటికి వచ్చింది.

వినుకొండలో పని ఉందని మీకు చెప్పి మాచర్ల బస్సెక్కిందట. ఎండలో పడి వచ్చింది. విజయలక్ష్మి అన్నం పెడితే తిన్నాక అడిగాను, మీ నాన్న తొందరపడ్డాడు, నేను వాళ్ళతో మళ్ళీ మాట్లాడనా అని.

"వద్దు బాబాయ్. ఆయన వద్దనకపోతే నేనే అనేదాన్ని" అంది.

"మరి ముందు సరే అన్నావుగా?"

"బావి ఉందన్నాడుగా నాన్న."

ఆ మాట చాలా మామూలుగా అంది. తర్వాత తనే చెప్పింది.

"నేను ముందు నాన్ననే అడిగా బాబాయ్. మన బోరు కాడ అరెకరం ఇయ్యి, నారు పోసుకుంటా అని అడిగా. రెండు అదనులు అడిగా. 'ఆడపిల్లకి బోరేంది, అది తేజాది' అన్నాడు. ఆ కొడుకేమో హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, వాడికి వంగ మొక్కకీ మిరప మొక్కకీ తేడా తెలియదు. అయినా అది వాడిది. ఇంక నేను యాడ అడగాలి? పెళ్ళి చేసుకుంటేనన్నా ఒక బావి కాడికి పోవచ్చు కదా అని సరే అన్నా. ఆ అబ్బాయి ఎట్టుంటాడో కూడా నేను సరిగా చూడలేదు బాబాయ్."

చెప్పేటప్పుడు ఏడవలేదు. బస్సు టైమైందని లేచినప్పుడు మాత్రం చెప్పులు వేసుకుంటూ కళ్ళు తుడుచుకుంది.

మీరు అని రాయడం ఇక నా వల్ల కాదు. ఒరేయ్, నాకు ఇన్ని ఉత్తరాలు రాశావు. చొక్కా చేతుల సంగతి రాశావు, గేదెల సంగతి రాశావు. ఈ ఒక్క ముక్క ఎందుకు రాయలేదు? నీ దగ్గర బోరు మొత్తం పెట్టుకుని, పిల్లని పరాయి వాళ్ళ సగం బావి కోసం పంపబోయావా? నీళ్ళు లేని ఇంటికి పిల్లనెలా ఇస్తారని అంతమందిలో అరిచావే, నీళ్ళున్న ఇంట్లో పుట్టిన పిల్లకి నువ్వు ఏం ఇచ్చావు?

చెన్నకేశవులు


శావల్యాపురం,
జూన్ 8.

అయ్యా,

మా ఇంటి సంగతి మీకు అనవసరం. ఆ బోరు మా నాన్న వేయించాడు. నాకిచ్చాడు. నేను నా కొడుక్కి ఇస్తాను. మా చెల్లెళ్ళు ఎవరూ అడగలేదు. ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఇంతే, నేనొక్కణ్ణే దుర్మార్గుణ్ణని రాయడానికి మీకు చెయ్యి ఎలా వచ్చింది?

ఆడపిల్ల ఎప్పటికైనా వెళ్ళిపోయేది. ఈ ఏడు షేడ్‌నెట్ వేసి, వచ్చే ఏడు పెళ్ళైపోతే ఆ గుంజలు పీక్కుంటూ నేను కూర్చోవాలి. అందుకని వద్దన్నాను. అందులో తప్పేముంది?

నేను దాచానంటున్నారు, మీరు దాచింది లేదా? శ్రీహరి లిఖితకి ఫోన్ చేశాడు. జరిగినదానికి ఏమీ అనుకోవద్దని చెప్పాడట. ఆ ట్యాంకు మోటారు సంగతికి ఇద్దరూ నవ్వుకున్నారట. ఆ మాటల్లోనే చెప్పాడట, పిల్ల పొలం పని మానుకోవాలని వాళ్ళమ్మ మొదటి రోజే మీకు చెప్పిందని. మీరు నాకు చెప్పారా? పిల్ల నర్సరీ కోసం ఎదురుచూస్తోందని నేను రాశాను. దానికి జవాబుగా విమానం పాఠం రాశారు. సుఖపడుతుందని రాశారు. పిల్లని తీసుకెళ్ళి ఏసీ గదిలో కట్టేయడానికి మీరూ వాళ్ళూ ముందే మాట్లాడుకున్నారు.

ఇకమీదట ఉత్తరాలు అవసరం లేదు.

త్రికోటేశ్వరరావు


మాచర్ల,
జూన్ 13.

త్రికోటీ,

నువ్వు వద్దన్నా రాస్తున్నాను. చింపేయాలనుకుంటే చదివి చింపెయ్.

నువ్వు రాసింది నిజం. శ్రీహరి తల్లి నాతో, "మా ఇంటికొచ్చాక బురద తొక్కే పనేం ఉండదు అన్నయ్యగారూ, కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు" అంది. నాకు అది మంచి మాటలాగే వినిపించింది. పిల్ల అదృష్టం అనుకున్నాను. నర్సరీ సంగతి నువ్వు రాశాక కూడా, పెళ్ళైతే మరిచిపోతుందిలే అనుకున్నాను. అందుకే నీకు చెప్పలేదు. పిల్లని ఒక్కసారి అడగాలని నాకు తట్టలేదు. నీకూ తట్టలేదు. ఒకే బెంచీ మీద కూర్చున్నందుకు ఇద్దరికీ ఒకే బుర్ర వచ్చినట్టుంది.

నాకు కూతుళ్ళు లేరు. ఆ రోజు ఆ పిల్ల మా గుమ్మంలో కళ్ళు తుడుచుకుంటుంటే నాకు సిగ్గేసింది. నీమీద కోపం వచ్చిందనుకుని ఆ ఉత్తరం రాశాను. సగం కోపం నామీదే.

గుంజలు పీక్కోవలసి వస్తుందని నీ బాధ. వస్తే పీక్కో. నీ మిరప తోట ఎన్నిసార్లు పోలేదు? పోయిన ప్రతిసారీ మళ్ళీ వేశావు కదా. పిల్ల ఒక్కసారి వేస్తానంటే నీకు నష్టం కనిపించిందా?

మిరప నారు పోసే అదను ఎప్పుడో నేను నీకు చెప్పాలా? తొలకరి మొదలైంది. వెళ్ళి పిల్లతో మాట్లాడు. తెలుగులో మాట్లాడు. మధ్యలో నన్ను పెట్టకు.

కేశవులు


శావల్యాపురం,
జూన్ 28.

కేశవులూ,

చింపలేదు. రెండు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. అన్నపూర్ణ చొక్కా ఉతకబోతూ చూసి చదివింది. చదివి, కంచం నా ముందు పెట్టి అటు తిరిగి కూర్చుంది.

సాయంత్రం లిఖిత పెరట్లో పేడ ఎత్తుతోంది. దగ్గరికి వెళ్ళి, "బోరు కాడ అరెకరం తీసుకోమ్మా" అన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. తట్ట దించకుండా అడిగింది.

"ఎన్నాళ్ళకి?"

"ఎన్నాళ్ళకేంది? తీసుకో."

"రేపు తేజ వచ్చి కావాలంటే?"

నేను గేదె పలుపు సరిచేస్తూ నిలబడ్డాను. అప్పుడు తట్ట దించి చేతులు కడుక్కుని వచ్చింది.

"మాటలొద్దు నాన్నా. కౌలుకిచ్చినట్టు రాసియ్యి. బయటివాళ్ళకి ఎంతకిస్తావో నాకూ అంతకే ఇయ్యి. గడువు కూడా రాయి. గడువు దాకా నువ్వూ అడగకూడదు, తేజా అడగకూడదు."

కన్నకూతురు నాకు కౌలు ఇస్తానంటోంది కేశవులూ! దీనికి ఈ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందని అన్నపూర్ణని అడిగాను. నా మొహం వైపు వేలు చూపించి లోపలికి పోయింది. నేను అరిచాను. ఊళ్ళో నవ్వుతారన్నాను. పిల్ల, "నవ్వనీ" అంది. నేను ఇంకా అరిచాను. అది వినేసి, నేను అలిసిపోయాక, "రేపు పొద్దున బస్సుకి పోదామా?" అని అడిగింది.

నరసరావుపేటలో కోర్టు పక్కన కాగితాలు టైపు చేసే అతని దగ్గరికి వెళ్ళాం. తేజకి ఫోన్ చేసి చెప్పాను. "దానికిస్తే నాకేంది నాన్నా, నాకసలు బోరు యాడుందో కూడా గుర్తులేదు" అన్నాడు. వీడి కోసం నేను దాన్ని ఇన్నాళ్ళు దాచాను.

లిఖిత టైపు అతనికి చెప్పింది, "నా పేరు కాడ కూతురు అని రాయబాకండి. కౌలుదారు అని రాయండి. కూతురికిచ్చినట్టుంటే ఎప్పుడన్నా వెనక్కి తీసుకుంటారు" అని. నా పక్కన కూర్చునే చెప్పింది. కోపంతో కాదు, ఎరువుల కొట్లో రేటు అడిగినట్టు చెప్పింది. నాకు అక్కడే ఏడుపొచ్చింది. బయట టీ తాగొస్తానని లేచి వెళ్ళి, తాగకుండా తిరిగొచ్చాను.

టైపు అతను తండ్రి పేరు లేకుండా కాగితం కుదరదన్నాడు. "సరే, ఉంటే ఉండనీ" అంది. అతను కాగితం తీసి చదివాడు. అంతా ఇంగ్లీషే. మొదట్లోనే వచ్చింది. లిఖిత, డాటర్ ఆఫ్ త్రికోటేశ్వరరావు.

నేను సంతకం పెట్టలేదు. కళ్ళజోడు తేలేదని చెప్పి కాగితం ఇంటికి తెచ్చాను. పిల్ల నన్ను నమ్మలేదు. బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

డాటర్ అంటే కూతురని నాకు తెలుసు. ఆ ఆఫ్ ఏంది? నువ్వు నాకు రెండు నేర్పావు. ఒకటి సగం, ఇంకొకటి తీసేయడం. సగం కూతురనా? కూతుర్ని తీసేశాననా? ఏదైనా నాకు తగినదే అనిపించి అక్కడ ఎవరినీ అడగలేదు. నీకు ఫోన్ చేయబోయాను. నోటితో అడగలేక పెట్టేశాను.

తొందరగా రాయి. గింజలు తెచ్చుకుంది. కొబ్బరి పొట్టు నానబెట్టింది. నా సంతకం పడేదాకా ట్రేలో ఒక్క గింజ వెయ్యనంటోంది. బయట వాన పడుతోంది.

త్రికోటి


మాచర్ల,
జూలై 1.

ఒరేయ్ త్రికోటీ,

ఇది మూడో ఆఫ్. దీని ముందు హెచ్ లేదు, వెనక రెండో ఎఫ్ లేదు. దీనికి సగమనీ తీసేయడమనీ అర్థం లేదు. ఎవరు ఎవరి తాలూకో చెప్పడానికి వాడే మాట. లిఖిత, త్రికోటేశ్వరరావు గారి అమ్మాయి. అంతే రాసి ఉంది అక్కడ.

ఆ కాగితంలో మిగతావన్నీ నువ్వు ఇస్తున్నవీ, పిల్ల పుచ్చుకుంటున్నవీ. ఇదొక్కటి ఇచ్చిందీ కాదు, పుచ్చుకున్నదీ కాదు. గడువు దాటినా ఇది దాటదు. పిల్ల వద్దన్నా టైపు అతను తీయలేకపోయాడు, చూశావుగా.

ఈ ఉత్తరం మామూలు పోస్టులో వేయకుండా వినుకొండ బస్సు కండక్టర్ చేతికిస్తున్నాను. అందగానే కళ్ళజోడు పెట్టుకో. పిల్లని పిలిచి, దాని ఎదురుగా, పేరు మొత్తం రాసి సంతకం చెయ్యి.

కేశవులు